నల్లరేవు లెక్క

సుమన వనపర్తి ఊరవతల ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది. పొద్దున తాళం తీసింది మొదలు సాయంత్రం మెయిన్ స్విచ్చి ఆపేదాకా ఆమె లోకమంతా ఆ గదే. పాడైన కీబోర్డులు మార్చడం, వైరస్ పట్టిన మిషన్లలో ఉన్నదంతా చెరిపి ప్రోగ్రాములు మళ్ళీ ఎక్కించడం, పిల్లల రికార్డుల మీద సంతకాలు పెట్టడం, అన్నీ ఆమె పనులే. గద్వాల నేతగాళ్ళ ఇంటి ఆడపిల్ల. చిన్నప్పుడు అక్క బాలమణితో కలిసి నూలు కండెలు చుట్టింది. ఎంసీఏ దాకా చదివింది. అక్క మాత్రం ఏడో తరగతితో బడి మానేసి, నల్లరేవులో వెంకటస్వామిని పెళ్ళాడి ఆ ఇంటికి పోయింది.

నల్లరేవు తుంగభద్ర ఒడ్డున చిన్న ఊరు. ఊరంతా మగ్గాలే. మట్టిగోడల ఇళ్ళు, ప్రతి ఇంటి ముందరి గదిలో నేలలో తవ్విన గుంట, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం. పొద్దున లేస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మగ్గం పలకల చప్పుడు వినిపించేది.

ఆ ఊరికి సుమన పని మీద పోవలసి వచ్చింది మహిపాల్ సార్ వల్ల. ఆయన అదే కాలేజీలో సివిల్ డిపార్టుమెంటు లెక్చరర్. నదికి వరద వస్తే నీళ్ళు ఏ ఊరికి ఎప్పుడు, ఎంత ఎత్తున చేరతాయో లెక్కకట్టే ప్రోగ్రాము ఒకటి ఆయన పీహెచ్‌డీ కోసం తయారుచేసుకుంటున్నాడు. ఒడ్డున ఉన్న నేలనంతా చిన్న చిన్న గళ్ళుగా కోసి, ప్రతి గడిలోకి ఎన్ని నీళ్ళు వస్తాయి, ఎన్ని పోతాయి అని క్షణక్షణానికీ లెక్కకట్టాలి. ఒక్క కంప్యూటరు మీద అయితే వారం పట్టే పని. ల్యాబులో ఉన్న పదహారు కంప్యూటర్లను కలిపి, తలా కొంత నేల పంచి ఇస్తే ఒక పూటలో తేలుతుంది.

పంచడం చెప్పినంత సులువు కాదు. ఆ కష్టమంతా సుమనది. ఆ ఏడాది ఎండాకాలం సెలవులన్నీ ఆమె ఆ ప్రోగ్రాముకే ధారపోసింది. మనిషి రాసిన ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చేది కంపైలర్. మార్చిన ప్రోగ్రాముకు తోడుగా లైబ్రరీలు కావాలి. సమీకరణాలు విప్పడానికి ఒకటి, పదహారు మిషన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఇంకొకటి. అవి డిస్కులో ఏ మూల ఉన్నాయో కంపైలర్‌కు దారి చెప్పాలి, పాత్ అంటారు దాన్ని. నడిపేటప్పుడు మళ్ళీ అదే దారి పదహారింటికీ చెప్పాలి. దారిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా కంపైలర్ మొరాయించేది. సుమన తిట్టుకునేది గానీ, ఆ మొరాయింపు ఆమెకు ధైర్యంగానే ఉండేది. తప్పు ఉంటే చెప్తుంది కదా అని.

జూన్‌లో కొలతల కోసం నల్లరేవుకు పోయారు. ఎత్తులు కొలిచే బద్ద పట్టుకుని నిలబడడానికి మనిషి కావాల్సి వస్తే వెంకటస్వామి మగ్గం దిగి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తల్లిది కర్ణాటక కావడంతో, ఏది విన్నా కన్నడంలో అవునా అన్నట్టు "హౌదా!" అని కళ్ళు పెద్దవి చేసేవాడు. పొద్దంతా ఎండలో రేవు నుంచి ఊరి మీద మిట్టన ఉన్న బడి దాకా బద్ద మోస్తూ తిరిగాడు. సాయంత్రం సుమన ల్యాప్‌టాప్ తెరిచి ఊరి పటం చూపిస్తే, అందులో తన వీధి గుర్తుపట్టి మురిసిపోయాడు.

"గీ గడి మా ఇల్లేనా?"

"మీ ఇల్లే బావా. నీళ్ళొస్తే ఇది నీలం రంగు అయితది."

"హౌదా! ముందుగాలనే తెలుస్తదా?"

"తెలుస్తది. అందుకే గదా ఈ తిప్పలంతా."

భార్య ఇచ్చిన చాయ్ తాగుతూ వెంకటస్వామి రెండేళ్ళ కిందటి సంగతి చెప్పాడు. అప్పుడూ వరదొస్తుందని చాటింపు వేశారు. ఊరంతా నడుమ నేతలో ఉన్న పడుగు దారాలు కోసేసుకుని, మగ్గాలు విప్పుకుని, ట్రాక్టర్ల మీద మిట్టకు పోయారు. నీళ్ళు రేవు మెట్ల దాకా వచ్చి వెనక్కిపోయాయి. కోసిన పడుగు మళ్ళీ అతుక్కోదు. పట్టు అంచు, నూలు ఒళ్ళు కలిపి ఇద్దరు కూర్చుని నేసే చీరలు, సగంలో చెడితే షావుకారు తీసుకోడు. చాలా ఇళ్ళలో ఆ ఏడు పండుగ లేదు.

"చాటింపుల మాట ఇంగ నేను నమ్మ. మీ మిషన్ చెప్తే నమ్ముత. నువ్వు చెప్తే పోతం," అన్నాడు.

సుమనకు ఆ మాట గర్వంగా అనిపించింది. బస్సులో వస్తూ మహిపాల్ సార్‌కు చెప్పి నవ్వింది కూడా.

వానలు ఆ ఏడు మొహం చాటేశాయి. ఆగస్టులో పాలమూరు మెట్టచేలన్నీ ఎండి పగిలాయి. దసరా పోయిన రెండు రోజులకు ఆకాశం ఒక్కసారిగా తెగింది. పైన కర్ణాటకలోనూ, కింద కర్నూలు వైపూ ఒకటే వాన. తుంగభద్ర మీద డ్యాముల గేట్లన్నీ ఎత్తారని టీవీల్లో చెప్పడం మొదలైంది. కాలేజీకి ఇంకా సెలవులే. మహిపాల్ సార్ హైదరాబాదులో అత్తగారింట్లో ఉన్నాడు. పొద్దున్నే సుమనకు ఫోన్ చేశాడు.

"సుమనా, డ్యాము ఆఫీసులో నాకు తెలిసినాయన నిన్నటి నుంచి వదిలిన నీళ్ళ వివరాలు చెప్పిండు. రాసుకో. ఇంత వరద మా నాయన కూడ చూడలేదంట. ల్యాబుకు పోయి రన్ పెట్టు. మన మోడల్‌కు ఇంతకంటె పరీక్ష ఉండదు."

ఆమె ఆ అంకెలు రాసుకుని, గొడుగు ఉన్నా తడిసి ముద్దై కాలేజీకి చేరింది. కరెంటు లేదు. అటెండరు కిష్టయ్య జనరేటరు నడిపించాడు. పదహారు మిషన్లూ ఒక్కొక్కటే లేచాయి. కొత్త అంకెలు ఎక్కించి, ప్రోగ్రాము నడిపే కమాండు కొట్టింది. మొరాయింపు లేదు. అన్ని మిషన్ల ఫ్యాన్లూ ఒక్కసారి జోరందుకున్నాయి. ఎవరి పని ఎంతుందో చూపించే తెర మీద పదహారూ నిండుగా పనిచేస్తున్నట్టు కనిపించాయి. హమ్మయ్య అనుకుని చున్నీ పిండుకుంటుండగా అక్క ఫోను.

"చెల్లె, ఊర్ల చాటింపేసిండ్రు. అందరు మిట్టకు పోవాల్నంట. మీ బావ కదుల్తలేడు. పడుగెక్కించి నాలుగొద్దులే అయింది, మల్ల కోసుకోమంటరా అంటుండు. జర నువ్వు మాట్లాడు."

ఫోను వెంకటస్వామి చేతికి పోయింది.

"సుమనా, ఏమంటుంది మీ మిషన్?"

"ఇప్పుడే పెట్టిన బావా. మధ్యాహ్నానికి తెలుస్తది. అక్కను, పిల్లను ముందుగాల బడికాడికి పంపు."

"పంపుత. నేను మధ్యాహ్నం దాక చూస్త. నువ్వు చెప్పంగనే పోత."

"సరే," అంది సుమన.

మధ్యాహ్నమైంది. లెక్క సగానికి కాదు కదా, మొదటి గంట వరద కూడా దాటలేదు. తెరను చూస్తూ కూర్చున్న సుమనకు అందులో వింతేమీ తోచలేదు. నీళ్ళ ఉరవడి ఎక్కువైనప్పుడు ప్రోగ్రాము చిన్న చిన్న అడుగులు వేయాలి. ఎప్పుడూ చూడనంత వరద కాబట్టి ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నడుస్తోందని తనకు తానే సర్దిచెప్పుకుంది. మిషన్లన్నీ పనిలోనే ఉన్నాయి కదా.

వెంకటస్వామి మళ్ళీ ఫోన్ చేశాడు. అవతల వాన చప్పుడుకు మాట సరిగా వినపడటం లేదు.

"అయిందా?"

"ఇంక కాలే బావా. నీళ్ళు యాడిదాక వచ్చినయి?"

"రేవు మెట్లు మునిగినయి. పోయినసారి గిట్లనే మునిగినయి. బాలమణి, పిల్ల బడికాడికి పోయిండ్రు. ఏం జేయమంటవు?"

"జర ఆగు బావా. నేనే ఫోన్ చేస్త."

"హౌదా. సరే."

ఫోను పెట్టేశాక ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. లాగ్ ఫైలు తెరిచింది. ప్రోగ్రాము కొంత దూరం నడిచిన ప్రతిసారీ అందరి తరఫునా మొదటి మిషన్ ఒక్కటే ఒక వరుస రాస్తుంది. అలా రాయమని పెట్టింది సుమనే. ఇప్పుడు ఆ ఫైలులో ఒకే వరుస కింద అదే వరుస, దాని కింద మళ్ళీ అదే వరుస. ఒక్కొక్కటి పదహారుసార్లు. ఆమె ఫైలు మొదటికి పోయింది. అన్నిటికంటే మొదట ప్రోగ్రాము రాసే మాట ఒకటుంది: మొత్తం మిషన్లు ఎన్ని. పదహారు అని ఉండవలసిన చోట ఒకటి అని ఉంది. అదీ పదహారుసార్లు.

అంతే, ఆమెకు అర్థమైపోయింది. నేలను ఎవరూ పంచుకోలేదు. ప్రతి మిషనూ తానొక్కటే ఉన్నాననుకుని, నది మొత్తాన్నీ నెత్తికెత్తుకుని, వారం పట్టే లెక్కను మొదటి నుంచి చేసుకుంటూ కూర్చుంది. ఎండాకాలంలో ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చి కట్టింది ఒక లైబ్రరీతో. నడిపిస్తున్న కమాండు వేరే లైబ్రరీది. పేరు ఒకటే, దారి వేరు. ఆ రెండింటికీ మాట కలవలేదు. కలవనందుకు ఒక్క తప్పు కూడా తెర మీద పడలేదు.

మహిపాల్ సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, మన మిషన్లల ఎవరన్న కొత్త లైబ్రరీ ఎక్కించిండ్రా? మనం కట్టిన లైబ్రరీ కాకుండ ఇంకోటి ముందల వస్తుంది."

"అవును. దసరాకు ముందు ఇన్‌స్పెక్షనోళ్ళు వచ్చిండ్రు గదా. కొత్త వర్షన్ చూపియ్యాల్నని నేనే ఎక్కించిన. పాత్ ముందల పెట్టిన. నీకు చెప్పుడు మరిచిపోయిన. ఏమైంది?"

"పొద్దుటి నుంచి నడిచింది నడిచినట్టు కాదు సార్."

"అరె. మల్ల కట్టి పెట్టు. ఎంతసేపు?"

సుమన ఫోను పెట్టేసింది. ముందు బావకు చెప్పాలనుకుని నంబరు నొక్కింది. లైను బిజీ. ఇంకోసారి నొక్కింది. బిజీ. అయినా ఏమని చెప్పాలి? తెలియదు అని చెప్పాలా? ఒక్క గంటలో సరిచేస్తే ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పొచ్చు కదా అనుకుంది. ఫోను బల్ల మీద పెట్టి, నడుస్తున్నవాటన్నిటినీ ఆపేసింది.

కొత్త లైబ్రరీతోనే ప్రోగ్రామును మళ్ళీ కట్టడం సబబని తోచింది. కంపైలర్ ఈసారి మొరాయించింది. సమీకరణాలు విప్పే లైబ్రరీలో పేర్లు దొరకడం లేదంటూ తెర నిండా తప్పులు కుమ్మరించింది. అది పాత కంపైలర్‌తో కట్టిన లైబ్రరీ. పేర్ల చివర ఆ పాత కంపైలర్ ఒక గీత ఎక్కువ పెడుతుంది, కొత్త కంపైలర్ పెట్టదు. ఆ సంగతి ఆమెకు ఎండాకాలమే తెలుసు. తెలిసి కూడా ఆ కంగారులో దారి తప్పు రాశానేమోనని ఒకటికి రెండుసార్లు మార్చి చూసింది. తొందరలో ఒక అక్షరం బదులు ఇంకొకటి పడుతోంది. వాన కిటికీ అద్దాలను బాదుతూనే ఉంది. చివరికి అది వదిలేసి, పాత దారినే ముందుకు తెచ్చి పెట్టింది. తన బల్ల దగ్గరి మిషన్‌లో కుదిరింది. మిగతావి మాత్రం ఇంకా కొత్తదాన్నే పట్టుకుంటున్నాయి. ఇక్కడ నుంచి పురమాయించినప్పుడు అవి దారిని వేరే ఫైలులో చూసుకుంటాయి. కుర్చీలు పక్కకు నెట్టుకుంటూ ఒక్కో మిషన్ ముందూ కూర్చుని, ఒక్కోదాంట్లో ఆ ఫైలు దిద్దింది.

"డీజిల్ అయిపోవస్తుందమ్మా," అన్నాడు కిష్టయ్య తలుపు దగ్గర నిలబడి.

"యాడన్న తే అన్నా. నీకు దండం పెడ్త."

అతను గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలోకి పోయాడు.

మొత్తం లెక్కకు ఇప్పుడు పొద్దు చాలదు. గళ్ళు పెద్దవి చేసి, నల్లరేవు చుట్టుపక్కల నేల మాత్రమే తీసుకుంటే తొందరగా తేలుతుంది. అలాగే చేసింది. చేస్తుండగా ఒక ఆలోచన ఆమెను పొడిచింది. ఈ పని పొద్దున్నే చేసి ఉండొచ్చు. ఒక్క మిషన్ మీద కూడా మధ్యాహ్నానికి వచ్చేది. పొద్దున ఆమె మనసులో ఉన్నది మహిపాల్ సార్ పరీక్ష. ఆ పరీక్షకు నది మొత్తం కావాలి. అందుకే నది మొత్తాన్నీ పెట్టింది.

కమాండు కొట్టింది. మొదటి వరుసలో పదహారు అని పడింది. ఒక్కసారే పడింది.

పొద్దుగూకుతుండగా లెక్క తేలింది. పటం తెరిచింది. నల్లరేవు వీధులన్నీ నీలం. అక్క ఇంటి గడి మీద మౌసు పెట్టింది. నీళ్ళు ఎప్పుడు చేరతాయో, ఎంత ఎత్తో చూపించింది. ఎత్తు మనిషి తలకు మించి ఉంది. నీళ్ళు ఇంట్లోకి వచ్చే వేళ గడియారం ప్రకారం అప్పటికే దాటిపోయింది.

వెంకటస్వామి ఫోను మోగలేదు. స్విచ్ఛాఫ్ అని కూడా అనలేదు. ఏ మాటా లేకుండా తెగిపోయింది. అక్క ఫోనూ అంతే. సెల్ టవర్లు పడిపోయాయని ఆమెకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ రెండు నంబర్లనే మార్చి మార్చి నొక్కుతూ కూర్చుంది. కిష్టయ్య డీజిల్ డబ్బాతో వచ్చి, ఆమె ముఖం చూసి, డబ్బాను గోడ వారకు పెట్టాడు.

నల్లరేవుకు చేరడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. గద్వాల దాకా బస్సులు దొరికాయి. ఆ పైన రోడ్డు కొట్టుకుపోయింది. సరుకులు తీసుకుపోతున్న లారీలో కొంత దూరం, ట్రాక్టరు మీద కొంత దూరం, మిగతాది బురదలో నడక. బావ కనిపించడం లేదని దారిలోనే విన్నది. బాలమణి ఊరి మీది బడి వరండాలో కూర్చుని ఉంది. పక్కన కూతురు సుష్మిత, ఎవరో ఇచ్చిన పెద్ద చొక్కా తొడుక్కుని నిద్రపోతోంది. చెల్లెల్ని చూసి బాలమణి ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది.

"దొరికిండా?" అడిగింది సుమన.

"పొద్దుగాల దొరికిండు. గోడ మీద పడ్డది. గోడ కింద, మగ్గం గుంటల ఉన్నడు."

ఆమె చెప్పిన దాన్ని బట్టి జరిగింది ఇది. మధ్యాహ్నం దాటాక పక్కింటివాళ్ళు పోతూ పోతూ వెంకటస్వామిని పిలిచారు. అతను పడుగును దూలానికి ఎత్తి కట్టుకుంటున్నాడు. రమ్మంటే, మీరు నడవండి, మా మర్దలు ఫోన్ చేస్తుంది, చేయంగనే వస్త అన్నాడు. సాయంత్రం నీళ్ళు రేవు వైపు నుంచి రాలేదు. ఊరి వెనక వాగు ఎగదన్ని, అందరూ పోయే బాటనే ముందు ముంచేసింది. తరువాత వాగు నీళ్ళూ నది నీళ్ళూ కలిసిపోయాయి. తడిసిన మట్టిగోడ ఎంతసేపు నిలుస్తుంది? బడి దగ్గర నుంచి చూస్తున్నవాళ్ళకు ఇళ్ళు ఒకటొకటిగా కూర్చుండిపోవడం కనిపించింది. ఏది ఎవరి ఇల్లో అంత దూరం నుంచి తెలియలేదు.

"సుమన ఆగుమన్నది అన్నడంట," అంది బాలమణి. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్తున్నట్టే చెప్పింది. అక్క చెయ్యి పట్టుకోబోయింది సుమన. బాలమణి చెయ్యి ఇచ్చింది గానీ, అది చల్లగా, బరువుగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

నీళ్ళు పూర్తిగా తీశాక, కాలేజీ తెరిచాక, మహిపాల్ సార్ సుమనను తన గదికి పిలిచాడు. పెద్ద పటం బల్ల మీద పరిచి ఉంది. సెలవుల తరువాత ఆయన మొత్తం లెక్కను మళ్ళీ నడిపించాడు.

"మీ బావగారి సంగతి విన్న. చానా బాధయింది," అన్నాడు. నిజంగానే బాధ పడుతున్నట్టుంది. తరువాత, "గోడల మీద నీళ్ళ గుర్తులు ఇంకా ఉంటయి గదా సుమనా. మన లెక్కకు, వాటికి ఎంత తేడా ఉందో చూస్తే మన రిసెర్చ్ పేపరుకు చానా బలమొస్తది. నల్లరేవు నీకు తెలిసిన ఊరు. పోయి కొలిచి తెస్తవా?" అన్నాడు.

సుమన ఆయన వైపు చూసింది.

"తేడా లేదు సార్. జానెడు కూడ లేదు. నేను చూసిన."

"చూసినవా? మరి ఇంకేంది!" ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగి, అంతలోనే వెలగకూడదని గుర్తొచ్చినట్టు ఆరిపోయింది.

"సార్, పేపర్ల ఆ రోజు సంగతి రాస్తరా? పొద్దున పెట్టిన రన్ పనికి రాలేదని, పాత్ మారిందని?"

"అది మోడల్ తప్పు కాదు గదా. ఇన్‌స్టలేషన్ తప్పు. గిట్లాంటివి ప్రతి ల్యాబుల అయితనే ఉంటయి. ఎవరు రాస్తరు?"

"మా బావ దానికోసమే ఎదురుచూసిండు."

మహిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"చూడు సుమనా, పొద్దుగాలనే చాటింపేసిండ్రు. ఊరంత పోయింది. మన మోడల్ చూసి కదలమని ఎవరికన్న మనం చెప్పినమా? అది పరిశోధన. నేను పాత్ మార్చి చెప్పకపోవుడు తప్పే, కాదన. కానీ ఆ మనిషి పానానికి, దానికి ముడిపెట్టకు. నీకే మంచిది కాదు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఊరంతా పోయింది. మనం చెప్పలేదు. చెప్పింది సుమన ఒక్కతే. ఆమె కొలతలకు పోనని మాత్రం చెప్పి బయటికి వచ్చింది. ఆయన ఇంకొకర్ని పంపించి కొలిపించుకున్నాడు. పేపరు అచ్చయింది. ధన్యవాదాల కింద ఆమె పేరు వేశాడు. మిషన్లు పదహారు, లెక్కకు పట్టిన కాలం ఒక పూట అని అందులో ఉంది. అది కూడా అబద్ధం కాదు.

సుమన సంక్రాంతి దాటాక ఆ ఉద్యోగం మానేసింది. నాగర్‌కర్నూల్‌లో ఒక జిరాక్సు, ఇంటర్నెట్ షాపులో కూర్చుంది. హాల్ టికెట్లు, పొలాల పహాణీ నకళ్ళు, రైలు టికెట్లు తీసి ఇచ్చే పని. మిషన్లు మూడే. ఒకదానితో ఒకదానికి పని లేదు.

బాలమణి నల్లరేవులో ఉండలేక, కూతుర్ని తీసుకుని అమరచింతలో దూరపు బంధువుల ఇంట్లో మగ్గం మీద కూలికి చేరింది. ఎండలు ముదిరాక ఒక ఆదివారం సుమన అక్కడికి పోయింది. ఇన్నాళ్ళూ అక్కకు చెప్పని సంగతి చెప్పాలని పోయింది. బస్సులో ఎలా మొదలుపెట్టాలో పదిసార్లు అనుకుంది.

బాలమణి మగ్గం మీదే ఉంది. చెల్లెలు వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే నేత ఆపింది గానీ గుంటలో నుంచి కాళ్ళు తీయలేదు. సుమన అంతా చెప్పింది. కొత్త లైబ్రరీ, పాత లైబ్రరీ, సార్ మార్చిన దారి, పదహారు మిషన్లూ ఎవరికి వారే లెక్క చేసుకోవడం, తాను చూసుకోకపోవడం. అక్కకు అర్థమయ్యేటట్టు, పదహారు మంది కలిసి నేయాల్సిన చీరను పదహారు మందీ విడివిడిగా మొదటి నుంచి నేసినట్టు అని కూడా చెప్పింది. బాలమణి విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది.

"అయితే మిషన్ తప్పు చెప్పిందా?"

"లే అక్కా. సరిగనే చెప్పింది. పొద్దుగూకినంక."

"మధ్యాహ్నం నీకు తెల్వదు గదా, వస్తదో రాదో."

"తెల్వదు."

"తెల్వనప్పుడు, తెల్వదు బావా, నువ్వు పో అననీకె ఏమైంది? ఆగుమని ఎందుకన్నవు?"

ఫోన్ చేసేదాకా ఆగు అన్నదే తన ఉద్దేశమని సుమన చెప్పబోయింది. నోట్లోనే ఆ మాట చేదైంది. నిజం వేరే ఉంది. రెండేళ్ళ కిందటి చాటింపులా తన లెక్క తప్పు కాకూడదనుకుంది. పొమ్మని చెప్పాక నీళ్ళు రాకపోతే, మీ మిషన్ కూడా ఇంతేనా అని బావ అంటాడని భయపడింది.

"నా మాట పోతదేమో అనుకున్న అక్కా," అంది.

బాలమణి చెల్లెలి ముఖంలోకి చూసింది. కోపం వస్తుందేమోనని సుమన ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది. బాలమణి పడుగు మీద ఏదో నలక ఏరి పారేసింది.

"అన్నం తిని పో," అంది. "మల్ల జర కొన్నొద్దులు రాకు చెల్లె. నిన్ను చూస్తే ఆ ఫోనే యాదికొస్తది. నేనే కబురు పెడ్త."

లోపల సుష్మిత కంచం పెట్టి నీళ్ళు తెచ్చింది. సుమన తల వంచుకుని తిన్నది. తినేటప్పుడు బయటి గదిలో మగ్గం మళ్ళీ మొదలైంది. చెయ్యి కడుక్కుని, పిల్ల తల నిమిరి, అక్కతో పోతున్నానని చెప్పింది. బాలమణి తల ఊపింది. నేత ఆపలేదు.

బస్టాండులో నాగర్‌కర్నూల్ వైపు పోయే బస్సు ఎప్పుడుందో అడిగితే, ఒక్కటే ఉంది, పోయింది, వనపర్తి దాకా పోయి అక్కడ మారండి అన్నారు. ఎర్రటి ఎండలో ఆమె ఆ బస్సు కోసం నిలబడింది. కబురు ఆ ఏడాది రాలేదు. పైయేడు కూడా రాలేదు.